గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు: ఎనిమిది తీగలు, వంద కోట్ల బిట్లు

గిగాబిట్ ఈథర్‌నెట్ అడాప్టర్ కంప్యూటరుకూ లాన్ వైరుకూ మధ్య ఉండే భాగం. మెమరీలో ఉన్న సమాచారాన్ని తీగ మీద నడవగల విద్యుత్ సంకేతాలుగా మార్చి పంపడం, తీగ మీద వచ్చినదాన్ని మళ్ళీ బిట్లుగా తీసి మెమరీకి చేర్చడం దీని పని. వేగం సెకనుకు వంద కోట్ల బిట్లు, అదీ రెండు దిక్కులా ఒకేసారి. ఒకప్పుడు దీన్ని విడిగా కొని మదర్‌బోర్డు మీద బిగించేవారు. అందుకే దుకాణాల్లో ఇప్పటికీ దీని పేరు లాన్ కార్డే. ఇప్పుడు చాలా డెస్క్‌టాప్‌లలో అది బోర్డు మీదే అతికి ఉన్న గోరంత చిప్పు. లాన్ పోర్టు లేని సన్నని ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీకి తగిలించే రూపంలో దొరుకుతుంది.

ఈ కార్డు దాకా ఇంటర్నెట్ ఎలా చేరుతుందో కొన్ని ఊళ్ళ ఉదాహరణతో చూద్దాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు నుంచి బెంగళూరుకు పోయే రైలు మార్గం మీది ఊళ్ళు. 2022 ఏప్రిల్ 4 నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఇలాంటి ఊళ్ళకు వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చిన దారుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి రైలు పట్టాల వెంట పరిచిన ఆప్టికల్ ఫైబర్. ఆ పని కోసం రైల్వే శాఖ 2000లో రైల్‌టెల్ సంస్థను పెట్టింది. రెండోది కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్. అలా లాగిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, టీవీ ఛానెళ్ళు, ఫోను కలిపి ఇవ్వడం దాని తొలి ప్యాకేజీ. గాజు పోగులో పోయేది వెలుతురు గనుక పక్కనే వేల వోల్టుల కరెంటు పారుతున్నా సంకేతం చెదరదు. స్తంభాల మీద ఫైబర్ వేలాడదీయగలగడానికి కారణం అదే.

అయితే ఆ గాజు పోగు గోడ మీది ఫైబర్ మోడెం దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి బిల్లింగ్ కౌంటరులోని కంప్యూటరు దాకా, పట్టుచీరల డిజైన్ గీసే కంప్యూటరు దాకా, కాలేజీ ల్యాబు దాకా వెళ్ళేది రాగి వైరే. ఊరికి ఎంత వేగం వచ్చిందన్నది ఒక లెక్క. బల్ల మీదికి ఎంత వచ్చిందన్నది వేరే లెక్క. ఈ రెండో లెక్కను తేల్చేది నెట్‌వర్క్ కార్డు, దానికి తగిలించిన వైరు.

మూడు మెగాబిట్ల నుంచి వెయ్యికి

ఈథర్‌నెట్ 1973లో అమెరికాలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పుట్టింది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ తయారుచేసిన ఆ తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1983లో ఐ ట్రిపుల్ ఈ సంస్థ దాన్ని 802.3 అనే ప్రమాణంగా స్థిరపరిచింది. అప్పటికి వేగం 10 మెగాబిట్లు. 1995లో అది 100 అయింది. 1998లో 1000కి చేరింది గానీ అది ప్రధానంగా ఫైబర్ కోసం. కార్యాలయాల్లో అప్పటికే గోడల వెంట పరిచి ఉన్న మామూలు క్యాట్-5 రాగి వైరు మీద గిగాబిట్ నడిపే పద్ధతి 1999లో వచ్చింది. 802.3ఏబీ అని దానికి పేరు. ఆపిల్ సంస్థ 2000 జూలైలో గిగాబిట్ పోర్టు ఉన్న పవర్ మ్యాక్ జీ4 అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు అది మామూలు మదర్‌బోర్డుల మీదికీ దిగింది.

ఈ 1999 ప్రమాణం ఇంజనీరింగ్‌లో చాలా తెలివైన పని. 100 మెగాబిట్ల కోసం వేసిన వైరు మీద, అదే 100 మీటర్ల దూరానికి, పది రెట్లు ఎక్కువ సమాచారం పంపాలి. తీగ మార్చడానికి లేదు. సంకేతాల వేగం పెంచితే ఆ తీగ ఓర్చుకోదు.

తీగ మీద జరిగేది

లాన్ వైరు పైపొర ఒలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున పురిపెట్టి నాలుగు జంటలుగా కనిపిస్తాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల్లో ఒక్కో జంట. పురి ఊరికే పెట్టలేదు. జంటలో ఒక తీగ మీద ఒక వోల్టేజీ ఉంటే రెండోదాని మీద దానికి సరిగ్గా వ్యతిరేకమైనది ఉంటుంది. బయటి నుంచి మోటారు, ట్యూబులైటు వంటివి కలిగించే అలజడి పురి వల్ల రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొసన కార్డు ఆ రెంటి తేడానే చూస్తుంది గనుక సమానంగా పడిన అలజడి కొట్టుకుపోతుంది. కనెక్టరు బిగించేటప్పుడు పురిని అవసరానికి మించి విప్పకూడదని చెప్పేది ఇందుకే.

100 మెగాబిట్ల పద్ధతి రెండు జంటలనే వాడుకుంది. పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. గిగాబిట్ నాలుగు జంటలనూ వాడుతుంది. ప్రతి జంట మీదా సెకనుకు 12.5 కోట్ల సంకేతాలు వెళ్తాయి. ఒక్కో సంకేతం ఐదు వోల్టేజీ మట్టాల్లో ఏదో ఒకటి. సంకేతానికి రెండు బిట్ల చొప్పున జంటకు 250 మెగాబిట్లు, నాలుగు జంటలకు వెయ్యి. రెండు బిట్లకు నాలుగు మట్టాలు చాలు కదా, ఐదోది ఎందుకు? నాలుగు జంటల్లో ఐదేసి మట్టాలంటే 625 కలయికలు. ఒక బైటుకు కావలసినవి 256 మాత్రమే. మిగిలిన వెసులుబాటును పొరపాట్లు సరిదిద్దుకోవడానికి వాడుకున్నారు. దారిలో ఒక సంకేతం కాస్త చెదిరినా, ముందు వెనక వచ్చినవాటితో పోల్చి అసలు ఏది వచ్చి ఉంటుందో కార్డు తేల్చుకుంటుంది.

ఒక సంకేతం తీగ మీద నిలిచే కాలం 8 నానోసెకన్లు. రాగి తీగలో సంకేతం నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఒక్కో సంకేతం తీగ మీద దాదాపు 1.6 మీటర్ల పొడవు ఆక్రమిస్తుంది. ఐదున్నర మీటర్ల ధర్మవరం చీర పొడవున్న వైరులో, ఏ క్షణాన చూసినా, ఒక్కో జంట మీద ఒక్కో దిక్కుకు మూడు సంకేతాలకు పైగా వరుసగా పోతూ ఉంటాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. ప్రతి జంట మీదా రెండు వైపుల నుంచీ ఒకేసారి సంకేతాలు నడుస్తాయి. కార్డు తాను పంపుతున్నదీ అవతలి నుంచి వస్తున్నదీ ఒకే తీగ మీద కలిసిపోయి కనిపిస్తాయి. తాను పంపింది తనకు తెలుసు గనుక దాన్ని తీసివేసి, మిగిలినదాన్ని అవతలివారి సంకేతంగా లెక్కిస్తుంది. తాను పంపినదే ఎక్కడో అతుకు దగ్గర తగిలి ప్రతిధ్వనిగా వెనక్కి వస్తే దాన్నీ తీసివేయాలి. పక్క జంటల నుంచి కారిన సంకేతాన్నీ తీసివేయాలి. వైరు పెట్టాక పోర్టు పక్కన దీపం వెలగడానికి రెండు మూడు సెకన్లు పట్టేది ఇందుకే. ఆ కాసేపట్లో రెండు కొసల కార్డులూ ఒకదాన్నొకటి గుర్తించి, ఎవరి గడియారాన్ని ప్రమాణంగా తీసుకోవాలో తేల్చుకుని, ఆ వైరు గుణగణాలను కొలుచుకుంటాయి.

94 దగ్గర ఆగిపోయే వేగం

ఈ కొలుచుకునే పనికి ముందు ఇంకో తతంగం ఉంది. 10, 100, 1000లలో తనకు ఏ వేగాలు చేతనవునో ప్రతి కార్డూ చిన్న చిన్న విద్యుత్ పల్సులతో చెబుతుంది. రెండింటికీ వచ్చిన అత్యధిక వేగం ఖాయమవుతుంది. దీన్నే ఆటో నెగోషియేషన్ అంటారు. గిగాబిట్ రాగి వైరుకు ఇది తప్పనిసరి.

ఈ బేరం మొత్తం నారింజ, ఆకుపచ్చ జంటల మీదే జరుగుతుంది. చాలామందికి అర్థంకాని ఒక సమస్యకు మూలం ఇక్కడే ఉంది. 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగిపోతుంది. ఫోనులో వైఫై మీద మాత్రం అదే కనెక్షను 180 చూపిస్తుంది. కేబుల్ ఆపరేటరుకు ఫోను చేస్తే లైను బాగానే ఉందంటాడు. అతను చెప్పింది నిజమే. లోపం వైరు కొసన బిగించిన కనెక్టరులో ఉంటుంది. నీలం జంటలోనో గోధుమ జంటలోనో ఒక తీగ సరిగా తగల్లేదు. బేరం జరిగే రెండు జంటలూ బాగున్నాయి గనుక కార్డులు రెండూ గిగాబిట్‌కు ఒప్పుకుంటాయి. తీరా మొదలుపెడితే మిగతా జంటల మీద సంకేతం రాదు. కొన్నిసార్లు ప్రయత్నించి, నాలుగు తీగలతోనే నడిచే 100 మెగాబిట్లకు దిగిపోతాయి. దీన్ని డౌన్‌షిఫ్ట్ అంటారు. ఈ సదుపాయం లేని పాత చిప్పుల్లోనైతే లింకే రాదు. 100 మెగాబిట్ల లింకులో ప్రతి సమాచారపు ముక్కకూ తగిలించే చిరునామా వంటి శీర్షికలు, ముక్కల మధ్య ఖాళీలు పోను నికరంగా మిగిలేది 94. ఆ అంకె కనిపిస్తే మొదట అనుమానించాల్సింది వైరునే.

ఇంకో కారణం పొదుపు. ఎనిమిది తీగల వైరును రెండు కంప్యూటర్లకు చెరి నాలుగు తీగలుగా పంచడం, మిగిలిన రెండు జంటల మీద కెమెరాకు కరెంటు పంపడం 100 మెగాబిట్ల రోజుల్లో బాగా నడిచిన పద్ధతులు. గిగాబిట్ కార్డుకు ఆ పాత వైరింగు తగిలిస్తే అది 100కే పరిమితమవుతుంది. బజారులో చవగ్గా దొరికే వైర్లలో కొన్ని రాగివి కావు, పైన రాగి పూత పూసిన అల్యూమినియంవి. అవి విద్యుత్తుకు ఎక్కువ అడ్డు చెబుతాయి, వంచితే తొందరగా తెగుతాయి.

సరిచూసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. విండోస్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిస్తే లింకు వేగం 1.0 గిగాబిట్ అనో 100 మెగాబిట్ అనో కనిపిస్తుంది. లినక్స్‌లో ఎథ్‌టూల్ అనే ఆదేశం అదే చెబుతుంది. కనెక్టరు తిరిగి బిగించాల్సి వస్తే రంగుల వరుస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. కొన్ని కార్డులు ఇంకో అడుగు ముందుకు వేసి, తీగలోకి ఒక పల్సు పంపి, అది తెగినచోట తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి తెగింది ఎన్ని మీటర్ల దూరంలోనో చెప్పగలవు.

ఫ్రేము, చిరునామా, తనిఖీ

సంకేతాలు బిట్లయ్యాక కార్డులో రెండో భాగం పని అందుకుంటుంది. ఈథర్‌నెట్‌లో సమాచారం ఫ్రేములుగా నడుస్తుంది. ఒక్కో ఫ్రేములో గమ్యం చిరునామా 6 బైట్లు, పంపినవారిది 6, రకం తెలిపేది 2, అసలు సరుకు 46 నుంచి 1500 దాకా, చివర తనిఖీ అంకె 4 బైట్లు. చిరునామా అంటే కార్డులో తయారీలోనే రాసిపెట్టిన 48 బిట్ల మ్యాక్ అడ్రసు. మొదటి సగం తయారీదారుకు కేటాయించింది, రెండో సగం ఆ కార్డుకు ప్రత్యేకం. తనకోసం కాని ఫ్రేములను కార్డు తనంతట తానే వదిలేస్తుంది, ప్రాసెసరు దాకా పోనివ్వదు.

పంపేటప్పుడు ఫ్రేము మొత్తం మీద ఒక లెక్క కట్టి నాలుగు బైట్ల అంకె చివర చేరుస్తుంది. అందుకున్న కార్డు అదే లెక్క మళ్ళీ కట్టి రెండూ సరిపోకపోతే ఫ్రేమును చెప్పాపెట్టకుండా పారేస్తుంది. మళ్ళీ పంపించుకునే బాధ్యత కంప్యూటరులో పైన నడిచే టీసీపీ అనే సాఫ్ట్‌వేర్ పొరది. కార్డు తాను పారేసినవాటి లెక్క మాత్రం పెట్టుకుంటుంది. ఆ లెక్క పెరుగుతూ పోతుంటే ఎక్కడో అతుకు వదులైందని అర్థం.

ప్రతి ఫ్రేముకూ ముందు 8 బైట్ల హెచ్చరిక, వెనక 12 బైట్లంత ఖాళీ ఉంటాయి. ఇవన్నీ, శీర్షికలూ పోగా 1000 మెగాబిట్లలో ఫైళ్ళకు మిగిలేది సుమారు 940. ఒక గిగాబైటు ఫైలును పక్క కంప్యూటరుకు పంపడానికి గిగాబిట్ లింకులో దాదాపు తొమ్మిది సెకన్లు, 100 మెగాబిట్లలో దాదాపు నిమిషంన్నర.

ప్రాసెసరు భారం

వేగం వెయ్యికి చేరేసరికి తీగకంటే కంప్యూటరుకే ఎక్కువ ఇబ్బంది వచ్చింది. పాత పీసీఐ స్లాటు సెకనుకు 133 మెగాబైట్లే మోయగలదు, అదీ అన్ని కార్డులూ పంచుకోవాలి. గిగాబిట్ రెండు దిక్కులా నిండుగా నడిస్తే 250 కావాలి. ఒక్కో దిక్కుకు 250 ఇచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాకే ఆ ఇరుకు తీరింది.

రెండో ఇబ్బంది ఫ్రేముల సంఖ్య. పెద్ద ఫ్రేములైతే సెకనుకు 81 వేలు, మరీ చిన్నవైతే 14.88 లక్షలు. ప్రతి ఫ్రేముకూ ప్రాసెసరును లేపి పని చెబితే అది ఇంకే పనీ చేయలేదు. అందుకని కార్డు ఫ్రేములను ప్రాసెసరుతో నిమిత్తం లేకుండా నేరుగా మెమరీలో పెడుతుంది. కొన్ని పోగయ్యాక ఒక్కసారి కబురు చేస్తుంది. పంపేటప్పుడు ప్రాసెసరు 64 కిలోబైట్ల ముద్దను ఒకేసారి అప్పగిస్తే, దాన్ని నలభై ఐదు ముక్కలు చేసి, ఒక్కోదానికి శీర్షిక రాసి, తనిఖీ అంకె వేసి కార్డే పంపుతుంది. సర్వర్లకు వాడే కార్డులు వచ్చిన పనిని ప్రాసెసరులోని వేర్వేరు కోర్లకు పంచిపెడతాయి కూడా. తీగ మీద అన్ని కార్డులదీ ఒకే వేగం. ధరలో తేడా వచ్చేది చాలావరకు ఇక్కడే.

జంబో ఫ్రేము అనే సదుపాయం పెట్టె మీద ఘనంగా కనిపిస్తుంది. 1500 బైట్ల బదులు 9000 దాకా ఒకే ఫ్రేములో పెట్టవచ్చు. దారిలోని స్విచ్‌లు, అవతలి కంప్యూటరు అన్నీ ఒప్పుకుంటేనే అది పనికొస్తుంది. ఇంట్లో దాన్ని ఆన్ చేసి లాభపడేవారు అరుదు.

ఫ్యాక్టరీలో సంగతి వేరు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన కియా కర్మాగారం 2019 డిసెంబరు 5న అధికారికంగా ప్రారంభమైంది. ఈ తరం కార్ల కర్మాగారాల్లో వెల్డింగును, రంగును, బిగింపును తనిఖీ చేసే కెమెరాలు సాధారణం. ఇలాంటి కెమెరాలను గిగాబిట్ కార్డుకు కలపడానికి 2006లో జిగ్ఈ విజన్ అనే ప్రమాణం వచ్చింది. కంప్యూటరుకు 100 మీటర్ల దూరంలో ఉన్న కెమెరా నుంచి నలుపు తెలుపు ఫుల్ హెచ్‌డీ చిత్రాలను సెకనుకు 50కి పైగా, కుదించకుండా తీసుకోవచ్చు. జంబో ఫ్రేములు నిజంగా అక్కరకొచ్చేది అక్కడ. ఏ ఫ్రేము ఏ క్షణాన వచ్చిందో కార్డే గుర్తు వేసి ఇవ్వడం కూడా అలాంటి చోటే అవసరం. ఐ ట్రిపుల్ ఈ 1588 పద్ధతిలో యంత్రాల గడియారాలను మైక్రోసెకను తేడా కూడా లేకుండా కలపవచ్చు.

కాలేజీలకు, ఆస్పత్రులకు ఎక్కువగా ఉపయోగపడేది వీలాన్. ఫ్రేములో నాలుగు బైట్ల ముద్ర చేర్చి ఒకే వైరు మీద, ఒకే స్విచ్ మీద 4094 దాకా వేర్వేరు నెట్‌వర్కులు నడపవచ్చు. అకౌంట్స్ కంప్యూటర్లు ఒకటి, సీసీ కెమెరాలు ఇంకొకటి, విద్యార్థుల ల్యాబు వేరొకటి.

పిడుగు, కరెంటు, నిద్ర

సత్యసాయి జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. వాన తక్కువే గానీ వేసవిలో వచ్చే వానలు ఉరుములు మెరుపులతో వస్తాయి. ప్రతి గిగాబిట్ పోర్టు వెనకా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. సంకేతాన్ని అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తాయి తప్ప వైరుకూ కంప్యూటరుకూ నేరుగా విద్యుత్ సంబంధం ఉండనివ్వవు. 1500 వోల్టులను ఒక నిమిషం తట్టుకోవాలని ప్రమాణం. రెండు భవనాల ఎర్తింగు మధ్య తేడా వస్తే ఈ ఏర్పాటు కంప్యూటరును కాపాడుతుంది. దగ్గర్లో పిడుగు పడితే కాపాడలేదు. అందుకని మిద్దెల మీదుగా పక్క ఇంటికో గోదాముకో రాగి లాన్ వైరు లాగడం మంచి పని కాదు. ఆ దూరానికి ఫైబరే సరైనది.

కరెంటు ఆదాకు 2010లో వచ్చిన 802.3ఏజెడ్ ప్రమాణం ప్రకారం, పంపడానికేమీ లేనప్పుడు కార్డు మాటిమాటికీ చిన్న కునుకు తీస్తుంది. కంప్యూటరు ఆపేసి ఉన్నా స్టాండ్‌బై కరెంటుతో మేలుకొని ఉండి, ఒక ప్రత్యేకమైన ఫ్రేము వస్తే కంప్యూటరును లేపే సదుపాయం వేక్ ఆన్ లాన్. ఆ ఫ్రేములో అన్నీ ఒకట్లతో నిండిన ఆరు బైట్లు, వాటి వెంట ఆ కార్డు మ్యాక్ అడ్రసు పదహారు సార్లు ఉంటాయి. మెయిన్ స్విచ్ కట్టేసే అలవాటున్న ఆఫీసుల్లో ఇది పనిచేయదు.

కొనేముందు

యూఎస్‌బీ అడాప్టరు కొనేవారు చూడాల్సింది పెట్టె మీది గిగాబిట్ అన్న మాటను కాదు, యూఎస్‌బీ ఎన్నోదో. యూఎస్‌బీ 2.0 మొత్తం వేగమే 480 మెగాబిట్లు. దానికి గిగాబిట్ పోర్టు తగిలించి అమ్మితే అబద్ధమనలేం గానీ, ఆ వేగం ఎప్పటికీ రాదు. 3.0 అయితే ఇబ్బంది లేదు. ల్యాప్‌టాప్‌లో అడాప్టరును పెట్టే పోర్టు కూడా 3.0దే అయి ఉండాలి.

2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణంతో క్యాట్-5ఇ వైరు మీదే 100 మీటర్ల దాకా 2.5 గిగాబిట్లు నడుస్తాయి. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టులు వస్తున్నాయి. రెండో కొసన పాత గిగాబిట్ స్విచ్ ఉంటే అవి వెయ్యికి దిగి సర్దుకుంటాయి. 200, 300 మెగాబిట్ల ప్లాన్ వాడుతున్న ఇంటికీ దుకాణానికీ ఇప్పట్లో వాటితో పని లేదు. ఉన్న గిగాబిట్ కార్డే చాలు. ఆ డబ్బేదో అసలైన రాగి వైరు మీద పెట్టి, ఎనిమిది తీగలూ తగిలేలా కొసలు బిగించుకోవడం మేలు.